పదో రోజు బువ్వ

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నాన్న పోయాక మరీ నమ్మలేదు. చనిపోయినవాళ్ళు తిరిగి రాగలిగితే ఆయన వచ్చి ఉండేవాడు. అందుకే జరిగినంతవరకే రాస్తున్నాను.

మలయాలో బ్రిటిష్‌వాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ కాలం. సుంగై సిపుట్ దగ్గర మా రబ్బరు తోట కుటుంబాలన్నిటినీ ముళ్ళకంచె లోపలికి చేర్చారు. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాలకు తిండి అందకూడదని, కంచె దాటి గుప్పెడు బియ్యం కూడా పోనిచ్చేవారు కాదు. రబ్బరు పాలు తీయడానికి వెళ్ళిన నాన్నను వాగు పక్కన సైనికులు కాల్చేశారు. పొరపాటు అన్నారు. శవాన్ని మాత్రం అందరూ చూసేలా రోజంతా పోలీసు స్టేషన్ ముందు పడుకోబెట్టారు.

పదో రోజు, ఆయన పడిపోయిన చోట పెట్టాలని అమ్మ ఆకులో అన్నం కట్టుకుంది. అప్పటికి పెళ్ళీడుకొచ్చిన నేను వెంట వెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఉన్న సింహాద్రి మా తోటవాడే, నాన్నతో పేకాడినవాడు. మూట విప్పి చూశాడు.

"సచ్చినోడికి రేషన్ నేదు లా, వదినా," అన్నాడు నవ్వుతూ. అన్నం నేల మీద కుమ్మరించి బూటుతో తొక్కేసి, మమ్మల్ని బయటికి పోనిచ్చాడు.

అమ్మ ఖాళీ ఆకు మడిచి కొంగులో పెట్టుకుంది.

"మఠానికెల్దాం రా. ఆళ్ళు సచ్చినోళ్ళకీ కంచం పెడతారు."

రబ్బరు చెట్లు దాటితే సున్నపురాతి కొండ. దాని కింద సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసినుల పాత మఠం. వాళ్ళు మాట్లాడరు, బయటికి రారు. ఒక సన్యాసిని చనిపోతే నెల రోజులు ఆమె చోట భోజనం వడ్డించి, దాన్ని పేదలకు ఇచ్చేస్తారు. అందుకు గోడలో గుండ్రంగా తిరిగే చెక్క గూడు ఉంటుంది. ఇచ్చే మనిషి కనిపించదు. ఎమర్జెన్సీకి ముందు మా తోట ఆడవాళ్ళు ఆ వాటా తెచ్చుకునేవారు.

అమ్మ గూడు మీద తట్టింది. "నా మొగుడికమ్మా," అంది.

గూడు తిరిగింది. అందులో కంచం నిండా అన్నం. పట్టుకుంటే చేతికి వేడి తగిలింది. అన్నం ఆకులో వేసుకుని కంచం మళ్ళీ గూట్లో పెట్టేశాం.

వాగు పక్కన పెట్టగానే కాకులు ముట్టాయి. నాన్న పోయాక అమ్మ ఏడ్చింది అప్పుడే.

ఆ ఏడుపు విని గస్తీ సైనికులు వచ్చారు. ఆకులో మిగిలిన అన్నం చూసి ఎవరిచ్చారని అడిగారు. అమ్మ నిజమే చెప్పింది. మమ్మల్ని మఠానికి నడిపించారు.

గూటికి అడ్డంగా పలకలు కొట్టి ఉన్నాయి. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. బయటివాళ్ళతో మాట్లాడే అనుమతి ఉన్న సన్యాసిని కిటికీ ఊచల వెనక నుంచి చెప్పింది: తిండి ఇవ్వొద్దని సైన్యం ఆజ్ఞ రాగానే గూడు మూసేశారట. ఈ మధ్య మఠంలో ఎవరూ చనిపోలేదట. ఆమె అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు. నేనూ చూశానన్నాను. కూతురి సాక్ష్యం చెల్లలేదు.

గెరిల్లాలకు తిండి మోసిందని అమ్మను జైల్లో పెట్టారు. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చి దేశమంతా జెండాలు ఎగరేసిన రోజు ఆమె లోపలే ఉంది. విడుదలయ్యాక ఎక్కువ కాలం బతకలేదు.

"ఆ బువ్వ నువ్వూ సూసినావు కదే?" అని అడిగేది.

"సూసినానమ్మా," అనేదాన్ని.

ఆమె పోయిన పదో రోజు మఠానికి వెళ్ళాను. కంచె లేదు, గేటు లేదు. గూటి మీద అవే పలకలు, అవే మేకులు. తట్టాను. "మా అమ్మకి," అన్నాను. చీకటి పడేదాకా నిలబడ్డాను. గూడు తిరగలేదు.

ఆనాడు అన్నం ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. దాని వల్ల అమ్మకు ఏం జరుగుతుందో ఇచ్చినవాళ్ళకు తెలుసో లేదో, అదీ తెలియదు.