తునికాకు కల్లం దగ్గర మొరాయించిన మోపెడ్

1984వ సంవత్సరం, ఏప్రిల్ ఇరవై ఏడు, శుక్రవారం. ఈ తేదీని డైరీ చూసి రాస్తున్నాను. ఏ బండి ఏ రోజున ఏ బాధతో వచ్చిందో రాసుకోవడం నాకు వృత్తిలో చేరిన నాటి నుంచీ ఉన్న అలవాటు. అప్పట్లో భద్రాచలం బస్టాండు వెనుక వీధిలో నా మెకానిక్ షెడ్డు ఉండేది. కొత్తగూడెం బొగ్గుబావులను నమ్ముకున్న ఇంట్లో పుట్టి, బావిలోకి దిగడం ఇష్టం లేక రెంచి పట్టుకొని గోదావరి దాటినవాణ్ణి నేను. అడవి గూడేలకు తిరిగే చిరుద్యోగులకు ఆ రోజుల్లో మోపెడే ఆధారం. సైకిలుకు యాభై సీసీల టూ-స్ట్రోక్ ఇంజను బిగించినట్టుండే బండి అది. ఎత్తు ఎక్కలేకపోతే పెడళ్లు తొక్కి ఇంజనుకు సాయపడాలి.

ఆ రోజు వచ్చిన సుబ్బారావు సత్తుపల్లి వైపు మనిషి, తునికాకు కాంట్రాక్టరు వద్ద సూపర్‌వైజరు. బీడీలు చుట్టడానికి వాడే ఆ ఆకును ఎండాకాలంలో గూడేల జనం కోసి, కట్టలు కట్టి కల్లానికి తెస్తారు. అక్కడ కట్టలు లెక్కపెట్టి తీసుకునే స్థానికుణ్ణి కల్లేదారు అంటారు. కల్లాలు తిరిగి అజమాయిషీ చేయడం సుబ్బారావు పని.

"మేస్త్రీ, ముత్తయ్య నా పెట్రోల్లో నీళ్లు కలుపుతున్నాడండి," అన్నాడు బండి దిగకముందే.

"బండికి ఏమైంది సారూ?"

"అడవిలో ఆగిపోతంది. భద్రాచలంలో పోయించుకున్న పెట్రోలుతో కల్లం దాకా కిమ్మనకుండా పోద్ది. అక్కడ ముత్తయ్య ఇంట్లో ఉంచిన డబ్బాలోంచి పోసుకుని బయల్దేరితే నాలుగైదు కిలోమీటర్లకే ఆగుద్ది. ట్యాంకు తెరిచి వాసన చూసి, కాసేపాగి తొక్కితే మళ్లీ నడుస్తది. ఇంకేం రుజువు కావాలండి?"

ఆ కల్లం దుమ్ముగూడెం దాటాక అడవి లోపలి గూడెంలో ఉంది. ముత్తయ్య అక్కడి కల్లేదారు. మే ఆరు ఆదివారం నాడు కాంట్రాక్టరు వస్తున్నాడనీ, పెట్రోల్లో నీళ్లు కలిశాయని నేను ఒక్క మాట చెబితే ముత్తయ్యను తీయించేస్తాననీ సుబ్బారావు చెప్పాడు. "మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు లెండి," అని చివర చేర్చాడు. ఆ చివరి మాట విన్నాక నాకు బండి కంటే బండి యజమాని మీదే అనుమానం పుట్టింది.

అయినా పని పనే. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌ను విప్పాను. దాని అడుగున పెట్రోలు నిలిచే చిన్న గిన్నెను ఫ్లోట్ బౌల్ అంటారు. నీళ్లుంటే పెట్రోలు కింద ముత్యాల్లా కనిపిస్తాయి. ఒక్కటీ కనిపించలేదు. స్పార్క్ ప్లగ్ కొన మాత్రం తెల్లగా పాలిపోయి ఉంది. ఇంజనుకు పెట్రోలు చాలడం లేదనడానికి అది గుర్తు. పెట్రోలు చిమ్మే సన్నని జెట్ రంధ్రంలోకి గాలి ఊదాను, సైలెన్సర్‌లో పేరుకున్న మసి గీకాను, వంతెన దాటి చాలా దూరం నడిపి చూశాను. బండి ఎక్కడా దగ్గలేదు. అసలు ఈ బండి ఆగుతోందా, లేక ఒక మనిషిని తప్పించడానికి ఆపుతున్నారా అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

మే ఒకటిన మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట ముత్తయ్య డబ్బాలోని పెట్రోలును సీసాలో తెచ్చాడు.

"సీసా నింపిందెవరు సారూ?"

"నేనే. వాణ్ణి ముట్టుకోనిస్తానా?"

అయితే ఆ సీసాను నేనూ నమ్మనక్కరలేదనుకున్నాను. తీరా చూస్తే అందులోని పెట్రోలు తేటగా ఉంది. టూ-స్ట్రోక్ ఇంజను కోసం కలిపే ఆయిలు కూడా సరైన పాళ్లలోనే ఉంది. ప్లగ్ తెల్లదనం గుర్తుకొచ్చి, కార్బురేటర్ నీడిల్‌ను ఒక గాడి పైకి జరిపాను. అలా చేస్తే పెట్రోలు కొంచెం ఎక్కువగా అందుతుంది. బండి నల్లగా పొగ కక్కుతూ తడబడింది. పాత ట్యూనింగే సరైనదని తేలడంతో నీడిల్‌ను తిరిగి దాని గాడిలోనే పెట్టాను. నా షెడ్డులో ఈ సమస్య దొరకదని అప్పుడు అర్థమైంది.

మే మూడున అతని వెనుక కూర్చొని కల్లానికి బయల్దేరాను. రెండు ఎత్తుల దగ్గర దిగి తోశాను తప్ప బండి తనంతట తాను ఎక్కడా ఆగలేదు. కల్లంలో ఆకు కట్టలు వరసలుగా ఎండుతున్నాయి. కోసిన ఆకు తెచ్చిన ఆడవాళ్లు పందిరి కింద వంతు కోసం కూర్చున్నారు. ముత్తయ్య కోయ మనిషి, నలభై దాటిన వయసు. నన్ను చూసి, "ఈనెవలు సారూ?" అని అడిగాడు.

"మెకానిక్కు. నీ సంగతి తేల్చడానికి తెచ్చా."

"మంచిగైంది. సూడన్నా, జర మంచిగ సూడు," అన్నాడు ముత్తయ్య నా వైపు తిరిగి. "నీళ్లు కలిపేటోడు కట్టల లెక్కల సుత దగా చేస్తడని అంటుండ్రు. నిన్నటి సంది ముగ్గురు వాళ్ల కట్టలు వాళ్లే మల్ల లెక్క పెట్టుకుండ్రు. గిట్లయితే రేపు నా చేతికి ఆకు ఎవలిస్తరు?"

అతని ముఖంలో ఏదైనా దాపరికం కనబడుతుందేమోనని నేను పరీక్షగానే చూశాను. ముఖం చూసి చెప్పగలిగే విషయం కాదది. అందుకే రోజూ ఎలా చేస్తారో ఈ రోజూ అలాగే చేయమని సుబ్బారావును కోరాను.

అతడు డబ్బా తెప్పించి ట్యాంకు నిండా పోసి, మూత బిగించాడు. ఆ తరువాత సంచిలోంచి పాలిథిన్ కాగితం, సైకిల్ ట్యూబు ముక్క, సుతిలి తాడు తీశాడు. మూత మీద కాగితం కప్పి, దాని పైన ట్యూబు ముక్కను లాగి బిగించి, తాడు చుట్టి, ముడి మీద గోనె సంచులకు వేసే లక్క కరిగించి ముద్ర వేశాడు.

"ఇదేంది సారూ?"

"నేను కట్టలు చూడ్డానికి ఆ చివరికి పోతా గదా. ఎవడైనా పెట్రోలు తీస్తే ముద్ర పగులుద్ది. దీంతోనే ఇంటి దారి పడతా."

"మరి నా షెడ్డుకు వచ్చేటప్పుడు ఇది లేదు?"

"ఊళ్లో దేనికండీ? దారిలో నేను విప్పేదాకా ముద్ర ఒక్కనాడూ పగల్లేదు. అంటే ముందే డబ్బాలో కలుపుతున్నాడన్నమాటే గదా!"

నాకు విషయం తెలిసిపోయింది. కానీ మాటతో చెబితే అతడు నమ్మడు. నేను ముత్తయ్యతో కుమ్మక్కయ్యానని అన్నా అనగలడు. బండిని స్టాండు మీద నిలిపి, పెడల్ తొక్కి స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తిప్పి పట్టుకున్నాను. వెనుక చక్రం గాలిలో గిర్రున తిరుగుతోంది. ఆడవాళ్లు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. కొన్ని నిమిషాలకు శబ్దం సన్నబడి, దగ్గి, ఇంజను ఆగిపోయింది.

"చూశారా!" అన్నాడు సుబ్బారావు.

జెట్ శుభ్రం చేసే సన్నని తీగను లక్క ముద్రకు తగలకుండా ట్యూబులోంచి, కాగితంలోంచి మూత నడుమనున్న చిన్న బెజ్జం దాకా గుచ్చి తీశాను. సుయ్యిమంటూ గాలి లోపలికి పోయింది. పెడల్ తొక్కాను. ఇంజను అందుకుంది. అదే పెట్రోలు, అదే ముద్ర. ఈసారి ఎంతసేపు చూసినా ఆగలేదు.

అక్కడున్న వాళ్లందరికీ వివరించాను. నూనె డబ్బాకు ఒక్కటే బెజ్జం పొడిస్తే నూనె ధారగా రాదు, గాలి పోవడానికి రెండోది కావాలి. మోపెడ్ ట్యాంకు మూతలో ఆ రెండో బెజ్జం ఉంటుంది, దాన్ని బ్రీదర్ అంటారు. అది మూసుకుపోతే, వాడిన పెట్రోలు స్థానంలోకి గాలి రాదు. మిగిలిన పెట్రోలు కిందికి దిగదు. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ గనుక తొందరగా ఆగుతుంది. వాసన చూద్దామని మూత తెరవగానే గాలి చేరి మళ్లీ నడుస్తుంది.

సుబ్బారావు బండి వైపు చూస్తూ, "సర్లే, బండి చెడిపోయింది, అంతే," అన్నాడు.

"బండి చెడలేదు సారూ," అన్నాను. "దానికి గాలి ఆడకుండ చేసింది మీరు కట్టిన ఈ ట్యూబే. పెట్రోల్ల నీళ్లు లేవు."

ముత్తయ్య ముందుకు వచ్చాడు. "ఆయన చెప్పిండు. నువ్వు చెప్పు సారూ. మొన్న గీ పందిరి కిందనే అన్నవు కదా."

సుబ్బారావు కండువాతో మెడ తుడుచుకొని ఏదో గొణిగాడు. ఆకు బుట్ట మీద చెయ్యి వేసుకొని నిలబడ్డ ఒక ముసలావిడ నవ్వింది. "గట్టిగ చెప్పు సారూ! కలిపిండన్ననాడు వాగు అవతలి దాక ఇనబడ్డది నీ గొంతు."

"నీళ్లు కలపలేదు," అన్నాడు అందరికీ వినబడేటట్టు. "ముత్తయ్య ఏమీ కలపలేదు."

ముత్తయ్య డబ్బా తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టాడు. "కల్లం పని చేస్త సారూ. గీ డబ్బా మాత్రం నా ఇంట్ల ఉంచను. తీస్కపో."

తిరుగు దారిలో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నది నేనే. ఒక ఎత్తు దగ్గర సుబ్బారావు వెనక్కి తిరగకుండానే, "ట్యూబు తీసేస్తే నిజంగానే ఎవడైనా తీస్తే ఏం చేయాలండి?" అని అడిగాడు. నేను డబ్బా పట్టుకొని బండి తోయడానికి దిగాను. ఆ తరువాత అతడు నా షెడ్డుకు రాలేదు. ముత్తయ్య ఆ సీజను చివరిదాకా కల్లేదారుగా ఉన్నాడని ఆకు లారీ డ్రైవరు చెప్పాడు. బావమరిది విషయంలో నా అనుమానం నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ కేసు తరువాత రెండు పద్ధతులు పెట్టుకున్నాను. షెడ్డులో బాగా నడిచిన బండిని బాగున్న బండి అనుకోను, అది ఆగే చోటికి వెళ్లి యజమాని చేతులను కూడా చూస్తాను. రెండోది అంతకంటే ముఖ్యం. ప్లగ్ తెల్లదనం చూసిన మొదటి రోజున, "నీళ్లు కూడా కావచ్చు" అన్న ఒక్క మాట నా నోట జారి ఉంటే సుబ్బారావుకు అదే చాలు. యంత్రం గురించి నేను చెప్పే మాట ఒక మనిషి మీద పడేటట్టయితే, ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉన్నప్పుడే చెబుతాను.