ల్యాప్‌టాప్ మీద అక్షింతలు

రాయపూర్ పక్కన బీర్‌గావ్ తెలుగువాళ్లలో గురునాథం గారికి ఒక పదవి ఉండేది. దానికి ఎన్నిక లేదు, జీతం లేదు, రాజీనామా చేసే వీలూ లేదు. కూలరైనా, కుక్కరైనా, పిల్ల పెళ్లికి ఇనప బీరువా అయినా, కొనే ముందు ఎవరైనా సరే ఆయన్ని అడగాలి. అడక్కుండా కొన్న వస్తువు పాడైతే ఆయన ఓదార్చరు. అడక్కుండా కొన్న వస్తువు బాగా పనిచేస్తే అసలు ఆ ఇంటికే వెళ్లరు.

ఈ అధికారం ఊరికే రాలేదు. పార్వతీపురం వైపు నుంచి కుర్రతనంలో రాయపూర్ వచ్చి, ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లు స్టోర్స్‌లో చేరి, అక్కడే పెద్దవాడై, అక్కడే రిటైరైన మనిషి ఆయన. బోల్టు నుంచి బేరింగు దాకా ఆయన సంతకం లేకుండా గేటు దాటి లోపలికి వచ్చిన సరుకు లేదు.

అందుచేత కోడలు నీలిమకి ల్యాప్‌టాప్ కావలసి వచ్చినప్పుడు, కొనుగోలు వ్యవహారం సహజంగానే ఆయన చేతికి వెళ్లింది.

నీలిమ పుట్టి పెరిగింది రాయపూర్‌లోనే. టాటీబంధ్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి ఇంట్లో కూర్చుని పనిచేసే ఉద్యోగం కొత్తగా దొరికింది. పెళ్లయ్యాక ఆమెకు దొరికిన మొదటి ఉద్యోగం అదే.

"ఒక పక్క లారీల బిల్లులు తెరిచి ఉండాలి మావయ్యగారూ. ఇంకో పక్క ఏ గాడీ ఎక్కడుందో మ్యాపు. డ్రైవర్ల మెసేజులు, మెయిలు, మధ్యలో సేఠ్ వీడియో కాల్. అన్నీ ఏక్ సాథ్ నడవాలి. ర్యామ్ ఎక్కువున్నది చూడండి" అంది.

"ర్యామ్ సంగతి తర్వాత. ముందు మూడు కొటేషన్లు రావాలి" అన్నారు గురునాథం గారు.

మూడు దుకాణాలు తిరిగారు. మూడో దుకాణంలో, నీలిమ ముచ్చటపడ్డ సన్నపాటి ల్యాప్‌టాప్‌ని ఆయన రెండు వేళ్లతో ఎత్తి చూసి, "ఇదేటమ్మా, అప్పడంలా ఉంది" అని కింద పెట్టేశారు. పక్కన ఉన్నదాన్ని రెండు చేతులా ఎత్తారు. మొహం వికసించింది. ఇనుము మధ్య బతికిన మనిషి. బరువు లేని సరుకుని ఆయన జన్మలో నమ్మలేదు.

"దీంట్లో ర్యామ్ తక్కువ మావయ్యగారూ."

"ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చని దుకాణం అబ్బాయే అన్నాడు కదా. బరువు తర్వాత పెంచలేం."

బరువైనదే ఇంటికి వచ్చింది. నిజం చెప్పాలంటే అది పనిచేసింది కూడా. కాస్త ఆయాసపడుతూనే అయినా అన్ని పనులూ ఒకేసారి మోసింది.

ఇంతలో సెప్టెంబరు వచ్చింది, విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఉర్లాలో యంత్రాలన్నీ ఆపి, కడిగి, బొట్లు పెట్టి, దండలు వేస్తారు. లేత్ మిషను కూడా పెళ్లికొడుకులా నిలబడుతుంది. స్టోర్స్‌లో ఉన్నన్నాళ్లూ ఆ పూజ గురునాథం గారి చేతుల మీదుగానే జరిగేది. రిటైరైన మనిషికి పూజ చేద్దామంటే సొంత యంత్రం లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఆయన ఇంట్లో మిక్సీకి, నీళ్ల మోటారుకి, కొడుకు మహేంద్ర స్కూటరుకి వరసగా పూజలు చేసి, చివరికి ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చారు.

నీలిమ అప్పుడు ఇంట్లో లేదు, కూరలకి వెళ్లింది. మూత వేసి ఉన్నదానికి బొట్టు పెడితే తలుపుకి పెట్టినట్టుంటుందని ఆయన దాన్ని తెరిచారు. దర్శనం ఇస్తున్న దేవుడిలా అది నిలబడింది. ఇక అక్షింతలు. మామూలు బియ్యం ఈ హోదాకి తగవనిపించి, భార్య సుభద్రమ్మ పాయసానికని దాచుకున్న దూబ్‌రాజ్ బియ్యం తీశారు. జీలకర్రలా సన్నగా ఉంటాయి, మంచి వాసన. పసుపు కలిపి, మంత్రం చదువుతూ, గుప్పెడేసి చొప్పున ధారాళంగా వేశారు. తర్వాత పైన కనబడ్డ గింజలన్నీ ఏరేశారు. కనబడనివాటి గురించి ఆయనకు ఆలోచన రాలేదు.

ఆ వారంలోనే ల్యాప్‌టాప్‌లో చిటచిటమని ఏదో చప్పుడు మొదలైంది. తర్వాత చప్పుడు ఆగిపోయింది, వేడి మొదలైంది. రెండు పనులు తెరిస్తే చాలు, బిగుసుకుపోయేది. మూడోది తెరిస్తే ఆరిపోయేది.

గురునాథం గారు దాన్ని చూడనైనా చూడకుండా కారణం చెప్పేశారు.

"ఒక ఎద్దుకి ఆరు నాగళ్లు కడితే ఏటవుతుందమ్మా? స్టోర్స్‌లో నేను ఒక ఇండెంటు ఫైలు మూసేదాకా ఇంకోటి తెరిచేవాణ్ణి కాదు. నువ్వూ అంతే. ఒకటి మూయి, అప్పుడు ఇంకోటి తెరువు."

నీలిమ అలాగే చేసింది. మ్యాపు మూసి బిల్లు తెరిచేది. బిల్లు మూసి మెసేజు తెరిచేది. ఈలోగా లారీ ఎక్కడుందో మర్చిపోయేది. అరపూట పని రోజంతా సాగింది. గురునాథం గారు మాత్రం ఈ విషయాన్ని ఇంటి గుమ్మం దాటించి, తెలుగు సంఘం సమావేశంలో ఒక ఉపన్యాసంగా మార్చారు. ఈ తరానికి ఒక్క పని మీద నిలకడ లేదని, అందుకు ఉదాహరణ వెతుక్కుంటూ దూరం వెళ్లనక్కర్లేదని, తన కోడలే ఉందని చెప్పారు. అందరూ నవ్వారు. టీ గ్లాసులు అందిస్తున్న నీలిమ కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

తర్వాత బిల్లు అందక ఒక లారీ దారిలో ఆగిపోయింది. సేఠ్ ఫోన్ చేసి, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆఫీసుకొచ్చి కూర్చునే మనిషిని పెట్టుకుంటానని మర్యాదగానే చెప్పాడు. నీలిమ ఫోన్ పెట్టేసి, "రేపు ర్యామ్ వేయించేస్తాను మావయ్యగారూ. ఇది పోతే నాకు ఇంకో నౌకరీ దొరకదు" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకని ఆయన, "నేనూ వస్తాను. ఏ మాల్ వేస్తారో చూసుకోవాలి" అన్నారు.

స్టేషన్ దారిలో యోగేష్ అనే అతని రిపేరు దుకాణం. అతను ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి, స్క్రూలు తీసి, అడుగు మూత ఎత్తాడు. గురునాథం గారు తనిఖీకి వచ్చిన అధికారిలా కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగారు.

లోపల ఫ్యాను చుట్టూ పసుపుపచ్చగా గింజలు. రెక్కల మధ్య ఒకటి గట్టిగా ఇరుక్కుని ఉంది. గాలి తిరగక, లోపలంతా ఉడికిపోయి ఉంది. యోగేష్ సన్నటి పట్టకారుతో ఒక్కో గింజా తీసి పాత పేపరు మీద పెట్టాడు. నల్లటి దుమ్ములోంచి వచ్చినా వాటి మీద పసుపు చెక్కుచెదరలేదు.

"మేడమ్, ఖానా ఖాతే ఖాతే కామ్ కర్తే హో క్యా?" అన్నాడు. తింటూ పనిచేస్తారా అని.

నీలిమ పేపరు వైపు చూసింది. తెలుగింట్లో పెరిగిన పిల్లకి అన్నం మెతుకు ఏదో, అక్షింత ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె మామగారి వైపు మాత్రం చూడలేదు.

"హా భయ్యా. గల్తీ హో గయీ" అంది, తప్పయిపోయిందని.

గురునాథం గారు నోరు విప్పడానికి అక్కడ కావలసినంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో ఆయన గోడ మీది కాలెండరుని పరమ శ్రద్ధగా చదివారు. ఏకాదశి ఎప్పుడో, బ్యాంకు సెలవు ఎప్పుడో తెలుసుకున్నారు. యోగేష్ అంతటితో వదల్లేదు. తోడు వచ్చిన పెద్దమనిషి కదా అని, "అంకుల్, ఘర్ మే థోడా సమ్‌ఝాయియే" అన్నాడు, ఇంట్లో కాస్త బుద్ధి చెప్పమని.

గురునాథం గారు తల ఊపారు.

ఊరుకుని ఉంటే అది మౌనంగా మిగిలేది. ఆయన తల ఊపారు. ఆ తల ఎవరు ఊపించారో ఆయనకే తెలియదు. కానీ మెడ తనదే.

ఫ్యాను తిరిగింది, కొత్త ర్యామ్ ఎక్కింది. ఆటోలో ఇంటికి వస్తుంటే నీలిమ ల్యాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని, "ఇప్పుడు మక్ఖన్‌లా మెత్తగా నడుస్తోంది మావయ్యగారూ" అంది. రెండు తిట్లు తిట్టినా ఆయనకు బాగుండేది. ఇంటికి రాగానే సుభద్రమ్మ ఏమైందని అడిగితే, లోపల మెతుకులు పడ్డాయట అత్తయ్యా అని నీలిమే చెప్పింది.

"అందుకే కంచం ఆ గదిలోకి తేవద్దంటాను" అంది సుభద్రమ్మ.

"అలాగే అత్తయ్యా."

ఆ గదిలోకి నీలిమ ఏనాడూ కంచం తీసుకెళ్లలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. సుభద్రమ్మ మర్చిపోయింది, అంతే. ఆ పూట పులిహోర వడ్డిస్తే గురునాథం గారు కడుపులో బాగులేదని లేచిపోయారు. ఆ పసుపు రంగు ఆయన చూడలేకపోయారు.

ఆదివారం పార్వతమ్మ వచ్చింది. ఆవిడది కూడా పార్వతీపురమే. ఆయనకంటే పెద్దది, తమ్ముడూ అని పిలుస్తుంది, ఆయన అక్కా అనడానికి బదులు అప్పా అంటారు. మనవరాలు నవ్యకి ల్యాప్‌టాప్ కొనాలట. అరుగు మీద కూర్చుంటూనే అందుకుంది.

"ఏటి తమ్ముడూ, మీ కోడలు మిషన్లో అన్నం ఒలకబోసిందట కదా? సుభద్ర చెప్పింది. ఈకాలం పిల్లలు ఒక చేత్తో తింటారు, ఒక చేత్తో టైపు కొడతారు. నువ్వు మొన్న సంఘంలో చెప్పావు చూడు, నిలకడ లేదని, అచ్చం అదే."

లోపల గదిలో కీబోర్డు చప్పుడు టకటకా వినిపిస్తోంది. గురునాథం గారు గొంతు సవరించుకున్నారు. ఉపన్యాసానికి ముందు కూడా ఆయన అలాగే సవరించుకుంటారు కాబట్టి పార్వతమ్మ సర్దుకుని కూర్చుంది.

"అవి మెతుకులు కాదప్పా. అక్షింతలు."

"అక్షింతలా?"

"విశ్వకర్మ పూజకి నేనే వేశాను. ఫ్యాన్లో ఇరుక్కున్నాయి. ఆ పిల్ల పని పాడైంది దానివల్లే, ఆరు పనులు తెరవడం వల్ల కాదు. దుకాణంలో అడిగితే నేరం తనమీద వేసుకుంది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా కాదు. తల ఊపాను."

కీబోర్డు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది, ముందుకంటే నెమ్మదిగా.

పార్వతమ్మ ఈ వార్తని నాలుగు వైపులా తిప్పి చూసుకుంది. "పోనీలే. దేవుడి పనే కదా" అంది చివరికి. "మరి మా నవ్యకి ఏది కొనమంటావు?"

"నన్నడక్కు అప్పా. లోపల నీలిమ ఉంది, అడుగు."

ఆ పదవికి రాజీనామా లేదని ముందే చెప్పాను. ఇంచుమించు రాజీనామాలా వినిపించిన మాట ఇదొక్కటే.

నీలిమ బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. పార్వతమ్మ ఎంతో వినయంగా అడిగింది:

"బరువు ఎంత ఉండాలమ్మా? ఎక్కువ బరువుంటేనే మంచిదని మా వీధంతా చెప్పుకుంటారు."

నీలిమ ఈసారి మామగారి వైపు చూసింది. గురునాథం గారు కాలెండరు కోసం గోడ వైపు చూశారు. అరుగు గోడకి కాలెండరు లేదు.