మందబయలులో వేసిన చాటింపు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ వక్కపొడి వేసుకుని మూసుకున్నాను. నేను మితభాషినని నా భార్య అందరికీ గొప్పగా చెబుతుంది. పాపం, అది మితం కాదు, భయం. ఒక మనిషి మంచిపేరును దొంగిలించి, దాన్ని గుండెల మీద మోసుకుంటూ ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను. వాడుకోలేదు. తిరిగి ఇవ్వనూ లేదు.

ఆ మనిషి దావీదు.

రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్త. ఊరికి రాజయోగం పట్టిందన్నారు. మాకు పట్టింది డేరాయోగం. ఆఫీసు డేరాలో, పడక డేరాలో. నేను డోన్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన టెంపరరీ గుమాస్తాను. కొలువూ టెంపరరీ, తలమీద కప్పూ టెంపరరీ. నిండు నెలలతో ఉన్న భార్య బనగానపల్లెలో పుట్టింట్లో ఉండేది. వారానికో కార్డు రాసేది. అందులో ఒకటే ప్రశ్న: ఇల్లు దొరికిందా?

కల్లూరు వైపు పోయే దారిలో, ఇళ్ల మధ్యన, మందబయలు అని ఒక బీడుండేది. నవాబుల కాలం నుంచీ పశువుల మేతకని వదిలిన నేల. చుట్టూ ఊరు పెరిగినా దాన్ని ఎవరూ ముట్టలేదు. దాని అంచున క్రైస్తవుల పేట. కూలికి పోయే మనుషులు. వాళ్ల బర్రెలకూ మేకలకూ ఆ బయలే ఆధారం. దస్తరంలో దాని పేరు మేత పోరంబోకు. పోరంబోకు అనే మాట నేలకు రక్షణ, మనిషికి తిట్టు. ఆ ఏడు ఆ మాట నేలను వదిలి నాకు అంటుకుంది.

అక్కడ ఉద్యోగులకు ఇళ్లు కట్టాలని పైవాళ్లకు తోచింది. మేత నేలను మార్చాలంటే ముందు ఆ పేటలో తప్పెట కొట్టి చాటాలి. గడువులోగా ఒక్కరు అభ్యంతరం చెప్పినా పని ఆగుతుంది. ఇంకో బీడు విషయంలో అలాగే ఆగింది. మా పైఅధికారి నన్ను డేరా బయటికి పిలిచి, "చాటింపు పడాల. అభ్యంతరం రాగూడదు. మొదటి ఇల్లు నీదే" అన్నాడు. ఎలాగో చెప్పలేదు. ఎలాగన్నది నా సొంత తెలివి. ఆ తెలివి బళ్లో ఉన్నప్పుడే వచ్చి ఉంటే లెక్కల్లో రెండుసార్లు తప్పేవాణ్ణి కాను.

చాటింపు వేయాల్సినవాడు దావీదు. ఆ పేటవాడే, ఆ పేట తలారి. అతనికీ రెండు బర్రెలున్నాయి. అతను కొడితే పేటంతా లేచి వస్తుంది. అందుకని శనివారం అతన్ని పిలిచి, ఒక కాగితాల కట్ట ఇచ్చి డోన్‌కు పొమ్మన్నాను. మర్నాటి రాత్రికి గానీ తిరిగి రాలేడు. కట్ట ముట్టినట్టు వేలిముద్ర వెయ్యమని ఒక కాగితం చాపాను. అది తెల్లకాగితం. వేశాడు. "ఇంకా యాడన్నా వెయ్యాల్నా సామీ?" అని కూడా అడిగాడు.

ఆ సాయంత్రమే అతని తల్లి రాహేలమ్మ దగ్గరికి వెళ్లి తప్పెట అడిగాను. సర్కారువారు తప్పెటలకు కొత్త చర్మం వేయిస్తున్నారని చెప్పాను. ఆమె నవ్వింది.

"చర్మం బాగనే ఉండాది సామీ. వానగాలికి మెత్తబడిందంతే. మంటకు కాంచి కొడితే కల్లూరు దాకా ఇనబడ్తాది. కాంచకుండా కొట్టినావా, పక్కనుండే బర్రె గూడా చెవి తిప్పదు."

నాకు కావలసింది సరిగ్గా అదే. ఆమె నోటితోనే నేర్చుకున్నాను.

తప్పెటను డేరాలో నీళ్లకుండ మీద బోర్లించి ఉంచాను. ఆదివారం పొద్దున, పేటంతా చర్చిలో పాటలు పాడుతుండగా, పేటకు దూరంగా, బయలు ఈ చివర నిలబడి కొట్టాను. మా వంశంలో తప్పెట పట్టిన మొదటివాణ్ణి నేనే. అది తడిగుడ్డ ఉతికినట్టు మోగింది. ఉత్తర్వు మొత్తం చదివాను, ఒక్క అక్షరం వదలకుండా. ఎదురుగా మూడు బర్రెలు. ఒకటి తల అడ్డంగా ఊపింది. ఈగలేమో అనుకున్నాను. తెల్లకాగితం తీసి, వేలిముద్రకు పైన "తలారి దావీదు చేత చాటించడమైనది, అభ్యంతరాలు లేవు" అని రాశాను. నా దస్తూరీ చాలా బాగుంటుంది.

చాటాను కదా, ఇందులో తప్పేముంది? చాలా ఏళ్లు ఈ ప్రశ్నతోనే నన్ను నేను జోకొట్టుకున్నాను. ఉత్తర్వులో తప్పు వెతికాను, తప్పెటలో వెతికాను, నాలో తప్ప అన్నిచోట్లా వెతికాను.

గడువు దాటగానే బయలు చుట్టూ ముళ్లకంచె పడింది. అడగడానికి వచ్చినవాళ్లకు ఆఫీసులో ఆ కాగితం చూపించారు. చాటింపు వేసింది మీ దావీదే, ఇదిగో వేలిముద్ర. వాళ్లకు ఒకటే అర్థమైంది: మనవాడే సర్కారుకు అమ్ముడుపోయి, మనకు వినబడకుండా చాటాడని.

వారం తర్వాత మధ్యాహ్నం రాహేలమ్మ మా డేరాకు వచ్చింది. వెంట వాళ్ల చర్చి సంఘపెద్దను తెచ్చుకుంది. నా బల్ల ముందు నిలబడింది.

"సామీ, ఆ పొద్దు నా కొడుకు డోన్‌లో ఉండాడు. పంపింది మీరే."

నేను కాగితాలు తిరగేస్తున్నాను.

"అందురూ వాన్ని దొంగ మాదిరి చూస్తాండారు. చర్చిలో వాని పక్కన కూసునేటోళ్లు ల్యారు. తప్పెట మీ చేతికిచ్చింది నేనని చెప్తే, తల్లి అట్లనే చెప్తాదిలే అంటాండారు. మీరొక్క మాట చెప్పండి. బయలు పోతే పోనీ, అది అడగను. నా కొడుకు పేరు నిలబెట్టండి, సాలు."

"చెప్పండి సామీ" అన్నాడు సంఘపెద్ద. "మీరు అవునంటే, ఇట్నుంచి ఇటే పోయి వాని చేతులు పట్టుకుంటాం."

పక్క బల్ల దగ్గర మా పైఅధికారి కలం ఆగింది. గీసే చప్పుడు ఆగడం నాకు వినిపించింది. ఒక్క మాట. 'అవును' అంటే చాలు. ఆ మాటను తూచాను. ఒక తట్టలో దావీదు, ఇంకో తట్టలో బనగానపల్లె నుంచి వచ్చిన కార్డు.

"ఏ తప్పెటమ్మా?" అన్నాను.

ఆమె ఏడవలేదు, శాపం పెట్టలేదు. "కొత్త చర్మం ఏపిస్తామంటిరే..." అంది మెల్లగా, మతిమరుపు మనిషికి గుర్తుచేస్తున్నట్టు. నేను ఇంకో కాగితం తిప్పాను. సంఘపెద్ద ఆమె భుజం తట్టి, "పదమ్మా. కాగితం అబద్ధమాడ్తాదా?" అన్నాడు. వెళ్లిపోయారు. పక్కన కలం మళ్లీ నడిచింది.

కొద్ది నెలలకే దావీదు బర్రెలు అమ్మేసి, డోన్ గూడ్సుషెడ్డులో మూటలు మోయడానికి వెళ్లిపోయాడు. ఒక్కసారైనా నా దగ్గరికి వచ్చి నిలదీయలేదు. ఎందుకు రాలేదు? వచ్చి ఉంటే ఏమనేవాణ్ణి? రెండో ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

మొదటి ఇల్లు నాదే అయింది. నా కూతురు నడక నేర్చింది ఆ నేల మీదే. వచ్చిన మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు తరలింది. ఇళ్లకు తాళాలు పడ్డాయి, కంచె లోపల తుమ్మ మొలిచింది. పశువు మేయలేదు, ప్రభువు ఉండలేదు. మా పైఅధికారీ వెళ్లిపోయాడు. అప్పుడైనా పేటకు పోయి చెప్పవచ్చు కదా? ఇక ఎవరికి భయం? అప్పుడు తెలిసింది, నేను ఏనాడూ ఆయనకు భయపడలేదని. నా ముఖం ఎలాంటిదో నలుగురికీ తెలుస్తుందేమోనని భయం. ఇప్పటికీ రైలు డోన్‌లో ఆగితే కిటికీ దించేస్తాను. దుమ్మంటాను.

రాహేలమ్మ పోయిందని ఎవరో చెప్పారు. దావీదు ఉన్నాడో లేడో కనుక్కోలేదు. కనుక్కుంటే వెళ్లాల్సి వస్తుంది కదా. మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. చూశారుగా, ఇంత రాసి కూడా కింద సంతకం పెట్టడం లేదు, నా ధైర్యం ఇంతే. కానీ రాస్తుంటే ఎన్నాళ్లకో ఊపిరి నిండుగా లోపలికి పోతోంది. కాబట్టి ఇదీ రాసేస్తాను.

ఆ ఆదివారం దావీదు డోన్‌లో ఉన్నాడు. తప్పెట కొట్టింది నేను. వాళ్లమ్మ చెప్పినదంతా నిజం.