జోడు లెక్క

నా చిన్నప్పుడు ఆకులు లెక్కపెట్టడంలో నన్ను మించినవాళ్ళు మా వాడలో లేరు. ఈ మాట మా అమ్మ అనేది, నేను కాదనేదాన్ని కాదు, అంతే. ఎండాకాలం సెలవుల్లో బూర్గంపాడు అవతలి అడవిలో బీడీలు చుట్టే తునికాకు కోసేవాళ్ళం. పొద్దున కోసిన ఆకును మధ్యాహ్నం ఇంటిముందు కూర్చుని కట్టలు కట్టాలి. కట్టకు యాభై ఆకులు. మేము జోడు జోడుగా లెక్కపెట్టేవాళ్ళం, రెండాకులు కలిపి ఒకటి. ఇరవై ఐదు అనగానే కట్ట బిగించడమే. ఆకు కొనే కల్లంలో ఎవరి కట్టలు విప్పి చూసినా నావి మాత్రం విప్పేవాళ్ళు కాదు.

ఆ ఏడు నేను మూడో తరగతి పూర్తిచేశాను. తమ్ముడికి ఎనిమిది నెలలు. ఆకు కోత ఉండేదే కొద్దిరోజులు, సరిగ్గా అప్పుడే వాడికి దగ్గు పట్టుకుంది. పాలు తాగడం తగ్గించి, కళ్ళు మూసుకుని పడుకుంటున్నాడు.

మా ఊరికి వారానికోసారి నర్సమ్మ వచ్చేది. ఆమె సంచి కనబడితే చాలు, సూది భయంతో పిల్లలందరం పొదల్లో దూరేవాళ్ళం. ఆ రోజు నా ఒళ్ళో సగం కట్టిన కట్ట ఉండి పారిపోలేకపోయాను. ఆమె తమ్ముణ్ణి ఒక్కచూపు చూసి, వెంటనే భద్రాచలం తీసుకుపొమ్మంది.

"పాలపండ్లొస్తున్నయి నర్సమ్మా, గందుకే గిట్లున్నడు. చీమ కుట్టినా దవాఖానకే పొమ్మంటవ్ నువ్వు" అంది అమ్మ.

"నా మాట నమ్మకు. నీ బిడ్డె లెక్క నమ్ముతవ్ కదా?"

ఆమె తమ్ముడి చొక్కా పైకెత్తి, నిమిషంలో వాడి పొట్ట ఊపిరికి ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టమని నాకు చెప్పింది. ఈ వయసు పిల్లలకు యాభైకి చేరిందంటే ఆలస్యం చేయకూడదంది. గడియారం తాను చూస్తూ కూర్చుంది.

నిమిషం అయిందనగానే ముప్పై రెండు అని గొప్పగా చెప్పాను. అమ్మ హమ్మయ్య అనుకుని మళ్ళీ ఆకుల ముందు కూర్చుంది. నర్సమ్మ మాత్రం కదలలేదు. తమ్ముడి పొట్టనూ నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎట్ల లెక్కపెట్టినవ్ బిడ్డా?"

"జోడు జోడు" అన్నాను.

ఆమె తిట్టలేదు. పక్కనున్న కుప్పలోంచి చిన్న ఆకు తీసి తమ్ముడి పొట్టమీద పెట్టింది. అది లేచినప్పుడల్లా ఒకటి అనమంది. ఈసారి అమ్మ కూడా వచ్చి వంగి చూసింది. యాభై అన్నాను, నిమిషం ఇంకా కాలేదు. అరవై నాలుగు అనేసరికి అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని వాకిలి దాటింది.

ఆకు ట్రాక్టరులో రోడ్డుదాకా, అక్కణ్ణుంచి ఆటోలో గోదావరి వంతెన దాటాం. ఆసుపత్రిలో నిమ్ము చేసిందన్నారు. నాలుగు రోజులు వాణ్ణి అక్కడే ఉంచుకున్నారు. ఐదో రోజు పాలు తాగి, అమ్మ జుట్టు పీకి ఏడిపించాడు. ఇప్పుడు వాడి తిండి చూస్తే ఆ కథ ఎవరూ నమ్మరు.

పిల్లల డాక్టరు కావాలని ఆ రోజే అనుకున్నావా అని అందరూ అడుగుతారు. లేదు, ఆ రోజు నాకు కావాలనిపించింది నర్సమ్మ గడియారం. చదువూ, హాస్టలూ, రెండుసార్లు రాసిన ఎంట్రన్సూ తరవాతి సంగతులు. నర్సమ్మకు మొదటి చూపులోనే అంతా తెలుసనీ, అమ్మ నమ్మడం కోసమే నాతో లెక్కపెట్టించిందనీ కూడా పెద్దయ్యాకే అర్థమైంది. అంత గొప్పగా చెప్పిన నా ముప్పై రెండును ఆమె ఒప్పుకుని వెళ్ళిపోయి ఉంటే నాకు తమ్ముడు దక్కేవాడు కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అందుకే ఆయాసంతో వచ్చిన ఏ బిడ్డకైనా, బయట ఎంత వరుస ఉన్నా, ఊపిరి రెండుసార్లు లెక్కపెడతాను. మళ్ళీ ఎందుకు డాక్టరమ్మా అని తల్లులు కంగారుపడతారు.

"మొదటిది నా లెక్క తల్లీ, రెండోది వీడి లెక్క" అంటాను.