టర్కీకి ఎర్ర మూలల దుప్పట్లు

ఆత్మకూరు సాలెల వాడలో వెంకటరాజానికి పని కంటే పెద్దరికం ఎక్కువ. మగ్గం మీద కూర్చుంటే నడుం నొప్పి. మైకు చేతికిస్తే ఆ నొప్పి మాయం. అలాంటి మనిషి టీవీలో టర్కీ భూకంపం చూసి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని వాడంతా తిరిగాడు.

"ఆడ మంచు వడుతాందట. జనం బయట పండుకుంటున్నరు. ఇంటికో దుప్పటి నేద్దాం."

ఎన్నడూ ఆయన మాట వినని వాడ ఈసారి విన్నది.

సాయం పోగుచేసే మంజులత మహబూబ్‌నగర్ నుంచి లారీతో వచ్చేసరికి తెల్లటి మందపాటి దుప్పట్లు సిద్ధం. వెంకటరాజం భార్య రాజమణి ఒక్కోదానికీ నాలుగు మూలలా పసుపు పూసి పెట్టింది. కొత్తబట్ట ఎవరికిచ్చినా పసుపు పెట్టే ఇవ్వాలి. ఒట్టి తెల్లబట్ట కప్పేది శవానికి. ఆ వాడలో ఇది ఒకరు చెప్పాల్సిన మాట కాదు.

మంజులత తల పట్టుకుంది. "నాకెరుకే అమ్మా. గని పట్నం గోదాంల మరక కనవడితే వాడిన బట్టలని పక్కకు పడేస్తరు. మేం గద్వాల పోయి పొద్దుమీకి వస్తం. అప్పటికి మరకలు లేకుంటేనే తీస్కపోతం."

రాజమణి పొరుగింటికి పోయి వచ్చేలోపు వెంకటరాజం రంగంలోకి దిగాడు. పుట్టి బుద్ధెరిగాక తువ్వాల కూడా ఉతికెరగడు. బట్టల సబ్బు తీసుకుని పసుపు మీద బరబరా రుద్దాడు. పసుపు కాస్తా ఎర్రబడింది.

"ఓ రాజమణీ! దుప్పట్లకు నెత్తురొస్తాందే!"

"నీ చేతులిరుగ! పసుపుకు సబ్బు వెడ్తరానయ్యా?"

"నాకేమెరుక? జన్మల ఎన్నడన్న ఉతికిన్నా?"

"గదే మొత్తుకుంటున్న!"

వెంకటరాజం అరుగు మీద కూలబడ్డాడు. ఆయన పెద్దరికం సంగతి దేవుడెరుగు, "టర్కీల పిల్లలు సలికి వణుకుతాంటరే" అంటూ మళ్లీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అది చూసి రాజమణి కోపం సగం చల్లారింది.

"ఏడ్వకు. మరక చిన్నగుంటేనే మరక. పెద్దగుంటే డిజైన్."

వాడలోని ఆడవాళ్లు పరుగున వచ్చారు. గంగాళంలో పసుపు, సున్నం కలిపి, దుప్పట్ల మూలలన్నీ జానెడు మేర ముంచి తీశారు. నాలుగు దిక్కులా చక్కటి ఎరుపు తేలింది. ఎండకు గోడలన్నీ దుప్పట్లతో నిండిపోయాయి.

సాయంత్రం మంజులత వచ్చి తిప్పి తిప్పి చూసింది. "ఇవి వేరే దుప్పట్లా?"

"టర్కీ మోడల్" అన్నాడు వెంకటరాజం, ఛాతీ విరుచుకుని.

దుప్పట్లు లారీలోకి విసురుతూ ఆ పిల్ల నవ్వింది. "అంతా బాగనే ఉంది గని అమ్మా, అసలు పసుపు లేకుంటేనేం? వాళ్లకు గీ పట్టింపులుండయి గద."

"వాళ్ల ఇండ్లు కూలినయి బిడ్డా. మల్ల కొత్తగ సంసారం వెట్టుకోవాలె" అంది రాజమణి. "మనింటి ఆడపిల్లకు వెట్టినట్టు వెట్టాలె గని, బిచ్చమేసినట్టు ఏస్తమా?"

మంజులత విసరబోయిన దుప్పటిని ఆపింది. లారీ ఎక్కి, దాన్ని రెండు చేతులా లోపల పెట్టింది.