చేపల పెట్టెలో ఊరిన బీరు

ఆ రోజుల్లో ఓపిక అంటే, చేతకాని పెద్దవాళ్లు తమకు తాము పెట్టుకున్న మంచి పేరని నా అభిప్రాయం. శ్రీకాకుళంలో సెల్‌ఫోన్ల దుకాణంలో కొత్తగా చేరి (ఊళ్లో మా అమ్మ దాన్ని ‘కంపెనీ’ అనేది), సముద్రపు ఒడ్డున మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. ఆవిడది చేపల వ్యాపారం. ఆవిడ కొడుకు, అంటే మా బావ, ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లోనే బీరు కాచాడు. సీసాల్లో పోసి, గ్యాసు పట్టడానికి కాస్త పంచదార వేసి మూతలు బిగించాడు. ఇక వాటిని చీకటిగా, చల్లగా ఉన్నచోట కదపకుండా ఊరబెట్టాలట. రేకుల ఇంట్లో చల్లదనం ఎక్కడిది? మేనత్త వాడని థర్మాకోల్ చేపల పెట్టె ఒకటి దొరికితే అందులో పేర్చాడు. రోజూ సాయంత్రం రాగానే ఒక్కటి తీసి చూద్దామని నేను ప్రాణం తీసేవాణ్ణి. బావ మాత్రం బాలింత గదికి కాపలా ఉన్న ముసలమ్మలా నన్ను గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

ఈలోగా బావకి సంబంధం వచ్చింది. మాటలకి వెళ్లేరోజు అమ్మాయివాళ్లకని మేనత్త మంచి చందువా చేపలు ఐసులో పెట్టి, పెట్టెని వరండాలో ఉంచింది. ఇల్లు కడుగుతూ మా పెట్టెనీ తెచ్చి దాని పక్కనే పెట్టిందని మాకు తెలియదు. ఆటోవాడు ఎక్కించింది మాదే. ఎండలో, ఆ గతుకుల్లో సీసాలు ఏమనుకున్నాయో గానీ, అక్కడ పెద్దలందరి ముందూ మేనత్త గొప్పగా మూత తీసేసరికి ఒకటి ఢామ్మని పేలి, నురగంతా వెళ్లి అమ్మాయి నాయనమ్మ చీర మీద పడింది. నేను మెల్లగా చెప్పులు వెతుక్కుంటున్నాను.

“ఏటిరా ఇది?” అంది మేనత్త. ఎలాగూ సంబంధం పోయిందనుకున్నాడేమో, బావ తల దించుకుని ఉన్నమాట చెప్పేశాడు. అమ్మాయి తండ్రి ఎంత కాలమైందని అడిగాడు. నెల దాటిందన్నాడు బావ.

“ఒక్కటీ తాగనేదా?”

“నేదు మావా. ఇంకా ఊరాల.”

ఆయన కాసేపు సీసాలకేసి, కాసేపు బావకేసి చూశాడు. తర్వాత చీర దులుపుకుంటున్న తల్లితో అన్నాడు: “ఇంట్లో సీసాలెట్టుకుని నెల్లాళ్లు ముట్టకుండా ఉన్నాడు. ఈడికి పిల్లనిస్తే మనకి బెంగ నేదు.”

పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మిగిలిన సీసాలు బావ మావగారు ఆ రోజే లోపలికి పట్టుకుపోయి బియ్యం డబ్బా వెనక దాచాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా అడిగేవాణ్ణి, ఇంకా ఊరనీ అనేవాడు. ఈమధ్య అడగడం మానేశాను. నిజంగానే తీసి గ్లాసులో పోస్తాడేమోనని భయం. దానికోసం సాయంత్రాలు పరుగెత్తుకొచ్చిన కుర్రాడైతే గటగటా తాగేసేవాడు. డాక్టరు చల్లటి మజ్జిగే వద్దన్న ఇప్పటి నేను, ఆ గ్లాసు చేత్తో పట్టుకుని ఏం చెయ్యాలి?