హాట్ ప్రెస్‌లో మూడు రోజులు

మొన్న శనివారం మా చర్చి హాల్లో ఒకావిడ చేతిలోంచి స్ప్రే సీసా లాక్కున్నాను. లాక్కోవడమే కాదు, "ఆగమ్మా!" అని నేను పెట్టిన కేకకి వెనక వరసలో టీ తాగుతున్న ఐరిష్ పెద్దాయన ఉలిక్కిపడి కప్పు కింద పెట్టేశాడు. ఆవిడ చేసిన నేరమల్లా, లాప్‌టాప్ మురికిగా ఉందని మూత తెరిచి మీటల మీద నేరుగా స్ప్రే కొట్టబోవడం. ముసలివాళ్ళని చూసుకునే పనికి కొత్తగా వచ్చిన మన కేరర్లకీ, ఇక్కడి పెద్దవాళ్ళకీ నెలకి రెండు శనివారాలు కంప్యూటర్ ఓనమాలు చెబుతుంటాను. నేను చదివింది నర్సింగు. కంప్యూటర్ గురించి నాకు తెలిసిందంతా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: తుడిచే ముందు ఆఫ్ చెయ్యాలి, చార్జర్ ఊడదియ్యాలి, గుడ్డకి తడి అంటీ అంటనట్టుండాలి, పరుపు మీద పెట్టి వాడితే అడుగున గాలాడక వేడెక్కుతుంది, రాసింది ఒక్కచోటే దాచుకోకూడదు. "ఇంత చిన్నదానికి అంత అరుపెందుకక్కా?" అని ఆవిడ చిన్నబుచ్చుకుంది. సారీ చెప్పి, టీ తెచ్చిచ్చి, బిస్కెట్లు కూడా పెట్టాను గానీ కారణం మాత్రం చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే ఆ రోజు క్లాసు సాగేది కాదు.

కోవిడ్ వచ్చిన మొదటి వసంతం అది. ఐర్లండ్‌లో, డండాక్ అనే ఊళ్ళో మా అద్దె ఇల్లు మూడు గదులది. ఒకటి మాది, ఒకటి మా ఆయన పాత సామాన్లది, మూడోదాంట్లో వరంగల్ నుంచి ఎమ్మెస్సీకి వచ్చిన అమ్మాయి ఉండేది. చుట్టం కాదు. చర్చిలో పరిచయమై, ఇల్లు దొరక్క ఏడుస్తుంటే తీసుకొచ్చాం. నన్ను ఆంటీ అనేది, మా ఆయన్ని అంకుల్ అనేది, నేను చేసే గోంగూరని మాత్రం వాళ్ళమ్మ చేసినట్టు లేదని మొహం మీదే చెప్పేది. మాకు పిల్లల్లేరు. ఆ పిల్ల వచ్చాక ఇంట్లో కాస్త అరుపులూ నవ్వులూ మొదలయ్యాయి. లాక్‌డౌన్‌లో కాలేజీ మూసేస్తే ఇక పొద్దస్తమానం మా వంటింటి బల్ల దగ్గరే. ముందు లాప్‌టాప్, పక్కన పచ్చి మామిడికాయ ముక్కలు, చెవుల్లో వైర్లు. ప్రాజెక్టు రిపోర్టు రాస్తోందన్నమాట. పాలు పాడవకుండా ఎన్నాళ్ళుంటాయో ఆరు నెలలు ప్రయోగాలు చేసి, ఆ లెక్కలన్నీ అందులోకి ఎక్కించింది. ఎప్పుడో మొదట్లో తీసిన కాపీ ఒకటి పెన్ డ్రైవ్‌లో ఉందట, తర్వాతి లెక్కలేవీ అందులో లేవట, ఆ పెన్ డ్రైవ్ కాలేజీ లాకర్లో ఉందట, కాలేజీకి తాళం. రిపోర్టు ఇవ్వాల్సింది వచ్చే బుధవారం.

నేను పనిచేసేది ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో. ఆ నెల మా దగ్గర ఎలా గడిచిందో ఇప్పుడు తలుచుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలదు. గదులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఇంటివాళ్ళని లోపలికి రానివ్వరు, కాబట్టి వీడియో కాల్ పెట్టిన టాబ్లెట్ పట్టుకుని మంచం పక్కన నిలబడేది మేమే. ఆ తెరలో కూతుళ్ళూ కొడుకులూ "మమ్, వి లవ్ యు" అంటుంటే, ఆ టాబ్లెట్ వణక్కుండా పట్టుకోవడం నా డ్యూటీ. నాకు ఏడుపు రాలేదు. రాకపోవడం చూసి నాకే భయమేసేది. బదులుగా శుభ్రం పిచ్చి పట్టుకుంది. ఇంటికొస్తే పెరటి తలుపు దగ్గరే బట్టలు విడిచి, స్నానం చేసి, ఆ తర్వాత మొదలుపెట్టేదాన్ని. తలుపు పిడులు, స్విచ్చులు, పాల డబ్బాలు, కరివేపాకు రెబ్బలు, మా ఆయన కళ్ళజోడు, అన్నీ బ్లీచ్ నీళ్ళతో తుడవడమే. "నన్ను కూడా ముంచి ఆరేస్తావేమిటే?" అనేవాడు మా ఆయన. నవ్వేదాన్ని కాదు. ఈ ఇంట్లోకి ఆ జబ్బు వస్తే నా చేతుల మీదుగానే వస్తుందని నాకు తెలుసు.

ఆ శుక్రవారం పొద్దున మా హోమ్‌లో ఏడో గది పెద్దావిడ పోయింది. రోజూ నాతోనే తల దువ్వించుకునేది, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి స్నానం చేసి వంటింట్లోకి వచ్చేసరికి అమ్మాయి లేదు. రెండు కిలోమీటర్లు దాటి పోకూడదని రూలు కదా, ఆ రెండు కిలోమీటర్లూ నడిచి రావడానికి వెళ్ళింది. బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. మీటల మధ్య మామిడికాయ ఉప్పూ కారం. ఆ పిల్ల రోజంతా వేళ్ళు పెట్టేది అక్కడే, ఆ వేళ్ళే నోట్లోకీ పోతున్నాయి. అంతే, ఇంకేం ఆలోచించలేదు. పొయ్యి గట్టు తుడిచే గుడ్డ బకెట్లో ముంచి, సగం పిండి, ఆ మీటల మీద అటూ ఇటూ బలంగా రుద్దేశాను. సందుల్లో ఉన్నది పోలేదని ఇంకోసారి ముంచాను. నా బుద్ధి గడ్డి తిన్నదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తెర ఒకసారి మిణుకుమంది. గీతలొచ్చాయి. తర్వాత నల్లబడింది. ఆన్ చేసే మీట నొక్కాను. ఏదో గుర్రుమని ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను, ఆరేడుసార్లు నొక్కి ఉంటాను. తడిసినదాన్ని అలా నొక్కడమే దాన్ని చంపడమని నాకప్పుడు తెలియదు. ఇక ఆ తర్వాత చేసింది చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. పైన తుడిచి, మూత వేసి, ముందెలా ఉందో అలాగే సర్ది, గట్టు దగ్గర నిలబడి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను.

అమ్మాయి వచ్చింది, చేతులు కడుక్కుంది, కూర్చుంది. "ఆంటీ, ఇది ఆన్ అయితలేదు" అంది. నేను "ఊఁ" అన్నాను. "పొద్దుగాల మంచిగనే ఉండె. చార్జింగ్ అయిపోయిందో ఏమో" అని గదిలోకి పోయి చార్జర్ తెచ్చి గుచ్చింది. అప్పుడైనా చెప్పాలి కదా! మూడు వారాలుగా ఎవరెవరికో ఎంతెంత చెడ్డ కబురో ఫోన్లో చెబుతున్నదాన్ని, నా వంటింట్లో నేను చేసిన పని చెప్పలేకపోయాను. ఆ పిల్ల తీగ తీసి మళ్ళీ పెట్టి చూస్తోంది. పది నిమిషాలు గడిచాయి. సన్నగా ఏదో మాడిన వాసన వచ్చింది. "తీసెయ్యమ్మా, ప్లగ్ తీసెయ్! నేనే తుడిచాను. నీళ్ళతో తుడిచాను" అని ఒక్క ఊపున చెప్పేశాను. ఆ పిల్ల తీగ పీకేసి నా వైపు చూసింది. "నీళ్ళతోనా ఆంటీ?" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

మా ఆయన వచ్చి విషయం విని, బియ్యం సంచీలో పెడదామన్నాడు. ఇరవై కిలోల సోనా మసూరి, ఇక దొరుకుతుందో లేదోనని మెట్ల కింద దాచిన సంచీ అది. దాని మూతి విప్పేశాడు కూడా. ఈలోగా ఆ పిల్ల కాలేజీలో కంప్యూటర్లు చూసే ఆయనకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. ఇంటి నుంచే పనిచేస్తున్నాడట, వెనక ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. ఆయన గొంతు మాత్రం చాలా నెమ్మది. బియ్యం వద్దు, పిండి లోపలికి పోతుంది. హెయిర్ డ్రయర్ వద్దు. చార్జర్ జోలికి పోవద్దు. మూత తెరిచి, గుడారంలా బోర్లించి, ఏదైనా కాస్త వెచ్చటి చోట పెట్టండి, మూడు రోజులు ముట్టుకోకండి అన్నాడు. ఆన్ మీట నొక్కారా అని అడిగాడు. "నొక్కాను" అన్నాను. "ఎన్నిసార్లు?" ఫోన్ అమ్మాయి వైపు జరిపాను. "మీ ఇంట్లో హాట్ ప్రెస్ ఉందా?" అన్నాడు చివరికి. ఇక్కడ అలమరాని ప్రెస్ అంటారు. వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరా హాట్ ప్రెస్, అందులో చెక్క పలకల మీద బట్టలు ఆరేసుకుంటారు. తలుపు ఓరగా ఉంచి అందులో పెట్టండి, మరీ వేడి తగలనివ్వొద్దు అన్నాడు. "ఇట్ మైట్ బి గ్రాండ్" అని పెట్టేశాడు. గ్రాండ్ అంటే ఇక్కడ బాగానే ఉందని. ఈ దేశంలో గ్రాండ్ కానిది నేను చూళ్ళేదు, అందరూ అన్నిటికీ అదే అంటారు. ఆయన మాత్రం ముందు "మైట్" చేర్చాడు. ఆ ఒక్క ముక్కతో నాకు రెండు రోజులు తిండి సయించలేదు.

మా ఆయన తువ్వాళ్ళన్నీ దించి, పై పలక మీద దాన్ని బోర్లించాడు. నీళ్ళు కాచే ఇమ్మర్షన్ స్విచ్చికి కాపలా తనే. నా స్నానానికి తప్ప వెయ్యనివ్వలేదు, వేసినా పావుగంట కాగానే వచ్చి కట్టేసేవాడు. మెట్ల మీద ఆ అలమరా ముందునుంచి పోయేటప్పుడు ముగ్గురం గొంతు తగ్గించేవాళ్ళం, లోపల ఎవరో పడుకున్నట్టు. ముట్టుకోవద్దన్నారు గానీ చూడొద్దనలేదు కదా అని నేను గంటకోసారి తొంగిచూసేదాన్ని. ఆ పిల్ల చూసేది కాదు. కాగితాల మీద గుర్తున్నంత రాసుకుంటూ కూర్చునేది, లెక్కలు గుర్తురాక కలం పెట్టేసేది. గడువు పెంచమని అడగరాదా అన్నాను ఒకసారి. "గడువైతే ఇస్తరు ఆంటీ. ఆరు నెల్ల లెక్కలు ఎవలిస్తరు?" అంది. కోపంగా అనలేదు. నా పళ్ళెంలో పచ్చడి కూడా తనే వేసింది. ఆ మంచితనం భరించడం ఇంకా కష్టమైంది నాకు.

శని, ఆదివారాలు రెండూ నాకు డ్యూటీ. పదకొండో గది తాతగారికి ఊపిరి అందడం లేదు. ఆక్సిజన్ పెట్టాం. డాక్టరు ఫోన్లోనే చూసి, ఎదురుచూడటం తప్ప చేసేదేం లేదన్నాడు. గంట గంటకీ వెళ్ళి చూసేదాన్ని. ఇంటికొచ్చి హాట్ ప్రెస్ తలుపు తీసేదాన్ని, డ్యూటీకి పోయి పదకొండో గది తలుపు తీసేదాన్ని. ఒక మనిషినీ ఒక యంత్రాన్నీ ఒకే కంగారుతో చూస్తున్నానేమిట్రా దేవుడా అని నా మీద నాకే అసహ్యమేసేది. ఆదివారం సాయంత్రం తాతగారి కొడుకుతో మాట్లాడించడానికి టాబ్లెట్ పట్టుకున్నాను. కొడుకు ఏదో పాత గుర్రప్పందెం కబురు చెబుతుండగానే ఆయన పోయాడు. కొడుకుకి తెలియలేదు, ఇంకా చెబుతూనే ఉన్నాడు. నేనే ఆపమని చెప్పాల్సొచ్చింది.

సోమవారం నాకు సెలవు. మధ్యాహ్నం మూడింటికి మూడు రోజులు నిండాయి. మా ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "మీరే ఒత్తుండ్రి ఆంటీ" అంది అమ్మాయి. నా చేతి మీద నాకు నమ్మకం ఎప్పుడో పోయింది, వద్దన్నాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని నొక్కింది. ఏమీ రాలేదు. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. ఎంతసేపో తెలియదు, అడుగున ఫ్యాను తిరిగిన చప్పుడైంది. తెర బూడిదరంగుగా, తర్వాత నీలంగా వెలిగింది. ఆ పిల్ల గబగబా ఫైలు తెరిచింది. పాల లెక్కలు, పట్టికలు, బొమ్మలు, చివరి పేజీలో సగంలో ఆగిన వాక్యంతో సహా అన్నీ ఉన్నాయి. రెండు మూడు మీటలు పలకడం లేదు, అంతే. ఇంకేం ఆలోచించకుండా ఆ ఫైలు తనకీ, నాకూ, మా ఆయనకీ, వరంగల్లో వాళ్ళ నాన్నకీ మెయిల్ చేసేసింది.

నేను కుర్చీలో కూలబడి భోరుమన్నాను. ముక్కూ మొహం ఏకమయ్యేలా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. మూడు వారాల ఏడుపు అది. ఏడో గది పెద్దావిడ కోసం, చెవిలో కొడుకు మాట వింటూ పోయిన తాతగారి కోసం, నా చేతుల్లో పోయిన మిగతా అందరి కోసం. ఆ పిల్ల ఆ రోజుల్లో ఎవరూ ఎవరికీ చెయ్యని పని చేసింది. వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. "ఏడ్వకుండ్రి ఆంటీ, వచ్చేసింది గదా, ఏం పోలే" అంటూ వీపు రాసింది. ఎందుకు ఏడుస్తున్నానో చెప్పలేదు, తన లాప్‌టాప్ కోసమే అనుకోనిచ్చాను. ఇన్నేళ్ళయినా చెప్పలేదు. ఆ వసంతమంతా నేను ఎన్నో తలుపుల దగ్గర ఎదురుచూశాను. ఎదురుచూసినందుకు తిరిగొచ్చింది అదొక్కటే.